యంత్రమునకును ఊపిరి కావలెను: పాత కారు ఇంజనుకు ట్యాపెట్ కవరు మార్చుట

ఉపోద్ఘాతము

జీవులకు శ్వాస ఎంత అవసరమో చిన్న తరగతులలోనే చదువుకొన్నాము. ప్రాణము లేని యంత్రమునకు కూడ ఊపిరి కావలెనని, అది ఆడనిచో యంత్రము కూడ రోగగ్రస్తమగునని మాకు తెలిసినది మాత్రము చాల ఆలస్యముగా. అదియును గ్రంథపఠనము వలన గాక, మా చేతులతో మేము చేసిన ఒక పొరపాటు వలన తెలిసినది. ఆ పొరపాటును దాచుకొనక చెప్పి, దాని వెనుకనున్న శాస్త్రమును విద్యార్థులకు వివరించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

తెలుగు బోధించువారికి మోటారు ఇంజనుతో ఏమి పని అని కొందరు మిత్రులు అడుగవచ్చును. మనకు చేరువనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రయే దీనికి సమాధానము. 1918లో ఆ విద్యాలయము ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైనది. దానికి పూర్వమే, 1917లో, దారుల్ తర్జుమా అను అనువాద విభాగమేర్పడి గణితము, భౌతికశాస్త్రము, వైద్యము, ఇంజనీరింగు మొదలగు విషయముల గ్రంథములను ఉర్దూ భాషలోనికి తెచ్చినది. తరువాతి కాలమున 1968లో తెలుగు అకాడమి ఏర్పడి అదే సేవను తెలుగునకు చేసినది. యంత్రశాస్త్రమును దేశభాషలలో చెప్పుట సాధ్యమని మన పెద్దలు నిరూపించిన తరువాత, రెండు భాషల విద్యార్థులు కలిసి చదువు మన కళాశాల పత్రికలో ఇట్టి వ్యాసమునకు చోటుండుట ఉచితమే గదా!

బౌద్ధనగర్‌లో జరిగిన సంగతి

బౌద్ధనగర్‌లో మా ఇంటికి నాలుగిండ్ల అవతల ఒక విశ్రాంత ఉపాధ్యాయులు నివసించుచున్నారు. వీధివారందరును వారిని మాస్టారని పిలుతురు. వారి వద్ద 1969 నాటి అంబాసిడర్ కారు కలదు. దానిలోనే వారి కుమార్తె అత్తవారింటికి వెళ్లినది. దానిలోనే వారి భార్యను చివరిసారి ఆసుపత్రికి తీసికొనిపోయిరి. కనుక ఆ కారు వారికి కేవలము వాహనము కాదు.

ఒక వేసవిలో వారి కుమారుడు దూరదేశము నుండి వచ్చుచు, ఇంజను మీద అమర్చుటకు తళతళ మెరయు అల్యూమినియము ట్యాపెట్ కవరును బహుమతిగా తెచ్చెను. పాతది రేకుతో చేసినది, రంగు పోయి అంచులు వంగియుండెను. మేమును, ఆ యువకుడును కలిసి ఒక ఆదివారమునాడు పాతదానిని తీసి క్రొత్తదానిని బిగించితిమి. పాత కవరుకు ముందువైపున ఒక చిన్న గొట్టము ఉండి, దాని నుండి రబ్బరు పైపు ఎయిర్ ఫిల్టరునకు పోవుచుండెను. క్రొత్తదానికి ఆ గొట్టము లేదు. "ఇది లేకున్న నష్టమేమి?" అని మేమే అంటిమి. రబ్బరు పైపును తీసివేసి, ఫిల్టరు వైపు రంధ్రమును బిరడాతో మూసితిమి. నూనె పోయు చోటి మూత కూడ క్రొత్తదే. అది గాలి చొరని విధముగా గట్టిగా బిగియునది. పని ముగిసిన తరువాత ఇంజను అద్దమువలె మెరసినది. వీధిలోని పిల్లలు వచ్చి అందులో తమ ముఖములు చూచుకొనిరి.

పది దినములు గడిచినవో లేదో కారు నిలుపు చోట నేలపై నూనె మడుగు కట్ట నారంభించినది. క్రొత్త కవరు అంచుల నుండి కూడ నూనె చెమర్చినది. డిప్‌స్టిక్కు తన చోటి నుండి పైకి లేచుచుండెను. సీతాఫల్‌మండి మీదుగా తార్నాకకు పోవునపుడు కారులో కూర్చున్నవారికి కమురు వాసన తగిలి తల తిరిగినది. ఒక వర్క్‌షాపులో చూపగా, రింగులు అరిగినవి, ఇంజను దింపి రీబోరింగు చేయవలెనని చెప్పిరి. వారు చెప్పిన ఖర్చు మాస్టారు గారి పెన్షనుకు అనేక నెలల మొత్తము. "ఇంత వ్యయము నా వల్ల కాదు బాబూ, ఇక పాత ఇనుముకు ఇచ్చివేయుదును" అని వారు అన్నపుడు మా మనస్సు చివుక్కుమన్నది.

చివరకు మా నాన్నగారి కాలము నుండి ఎరిగిన ఒక వృద్ధ మిస్త్రీని పిలిచితిమి. ఆయన ఏ పరికరమును తీయలేదు. ఇంజను నడుచుచుండగా నూనె మూతను నెమ్మదిగా విప్పెను. లోపల నుండి బుస్సుమని గాలి పైకెగసినది. ఆయన మా వైపు చూచి, "ఇంజన్ కా దమ్ ఘుట్‌రా, సాబ్" అనెను. అనగా, ఇంజనుకు ఊపిరాడుట లేదని భావము. ఆ ఒక్క వాక్యమునకు వ్యాఖ్యానమే ఈ వ్యాసము.

ఇంజనుకు ఊపిరి ఎందుకు?

ఇంజను సిలిండరులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము మండి పిస్టనును క్రిందికి త్రోయును. పాఠ్యపుస్తకములలో పిస్టనును ముషలకమందురు. రోటిలోని రోకలి వంటిదని దాని అర్థము. పిస్టను చుట్టును ఉక్కు రింగులు ఉండి సిలిండరు గోడకు ఆనుకొని వాయువును ఆపును. ఐనను ఎంత క్రొత్త ఇంజనులోనైనను రింగులు నూటికి నూరు పాళ్లు ఆపజాలవు. వాటి కొనల నడుమ ఉంచక తప్పని చిన్న సందు నుండి కొంత వాయువు క్రిందనున్న క్రాంక్‌కేసులోనికి జారును. దీనినే మెకానిక్కులు బ్లోబై అందురు.

ఇది ఎంత ఉండునో ఒక చిన్న లెక్క వేసి చూతము. అంబాసిడరులో చాల కాలము ఉపయోగించిన ఇంజను పరిమాణము 1489 ఘనపు సెంటీమీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజను గనుక రెండు చుట్లకు ఒకసారి మాత్రమే ప్రతి సిలిండరు మిశ్రమమును పీల్చును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు, సిలిండర్లు పూర్తిగా నిండునని అనుకొన్నచో, అది 1500 పర్యాయములు 1489 ఘనపు సెంటీమీటర్లు, అనగా సుమారు 2233 లీటర్లు పీల్చును. అందులో నూటికి ఒక పాలు మాత్రమే జారినదనుకొన్నను నిమిషమునకు 22 లీటర్లు, అనగా ఒక పెద్ద బకెట్టెడు వాయువు, క్రాంక్‌కేసులో చేరును. బయటికి పోవు దారి లేనిచో అది ఏమి చేయును? తానే దారి చేసికొనును. గాస్కెట్ల అంచులు, డిప్‌స్టిక్కు రంధ్రము, క్రాంక్‌షాఫ్టు రెండు కొనలు, ఇవియే దానికి ద్వారములగును. పోవుచు పోవుచు నూనెను కూడ వెంటబెట్టుకొని పోవును.

అంబాసిడరు వంటి కార్లలో ఈ బాధ మరింత ఎక్కువ. దీని ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి శ్రేణికి చెందినది. ఆ శ్రేణిలోని పాత ఇంజనులకు క్రాంక్‌షాఫ్టు వెనుక కొనవద్ద నేటివలె రబ్బరు ఆయిల్ సీలు లేదు. షాఫ్టు మీద మరవంటి గాడి కోసియుండును. షాఫ్టు తిరుగునపుడు ఆ గాడి నూనెను వెనుకకు, అనగా ఇంజను లోపలికి, త్రిప్పి పంపును. లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడితో సమానముగా ఉన్నంతవరకు ఈ ఏర్పాటు చక్కగా పనిచేయును. లోపల ఒత్తిడి పెరిగినచో గాడి ఓడిపోయి నూనె బయటపడును. మాస్టారు గారి కారు క్రింది మడుగునకు కారణమిదియే.

ఒక సందేహమును ఇక్కడనే తీర్చుకొందము. పిస్టను క్రిందికి దిగునపుడు క్రాంక్‌కేసులోని గాలి నొక్కుకొనదా అని విద్యార్థులు అడుగుదురు. నాలుగు సిలిండర్ల ఇంజనులో రెండు పిస్టన్లు దిగునపుడు మిగిలిన రెండు ఎక్కును. కనుక లోపలి ఘనపరిమాణము ఇంచుమించు మారదు. ఒకే సిలిండరు గల మోటారు సైకిలులో మాత్రము ఈ ఒత్తిడి ప్రతి చుట్టునకు పెరిగి తగ్గుచుండును. 1955 నుండి మదరాసులో తయారైన బుల్లెట్ బండికి బాతు ముక్కు ఆకారముగల రబ్బరు కవాటమును పెట్టుట అందువలననే. అది గాలిని బయటికి పోనిచ్చును గాని లోపలికి రానీయదు.

చెడిన ఊపిరి తెచ్చు రోగములు

జారిన వాయువు ఒత్తిడిని మాత్రమే కలిగించునని తలపరాదు. అందులో కాలని పెట్రోలు, పొగ, నీటి ఆవిరి ఉండును. ఒక లీటరు పెట్రోలు దహనమైనపుడు సుమారు ఒక లీటరు నీరు పుట్టునని రసాయనశాస్త్ర విద్యార్థులు సమీకరణము వ్రాసి తెలిసికొనవచ్చును. అందలి అధిక భాగము సైలెన్సరు ద్వారా పోవును. కొంత క్రాంక్‌కేసులో చేరి, ఇంజను చల్లగానున్నపుడు గోడలపై నీరుగా మారును. నీరును నూనెయును చిలుకబడి మజ్జిగపై తేలిన వెన్నవంటి లేతపసుపు పదార్థమగును. నూనె మూతను విప్పినపుడు దాని క్రింద ఈ వెన్న కనబడినచో, ఇంజనుకు ఊపిరి సరిగా ఆడుట లేదనియో, కారు ఎప్పుడును కొద్ది దూరములే తిరుగుచున్నదనియో గ్రహింపవలెను. హెడ్ గాస్కెట్టు చెడి రేడియేటరు నీరు చేరినను ఇట్లే ఉండును గనుక రేడియేటరు నీరు తగ్గుచున్నదేమో కూడ చూడవలెను.

దహనమున పుట్టు గంధక, నత్రజని ఆక్సైడులు ఈ నీటిలో కరిగి ఆమ్లములగును. అవి బేరింగులను తినివేయును. కాలని పెట్రోలు నూనెను పలుచన చేయును. కాలక్రమమున అడుగున నల్లని మడ్డి పేరుకొని నూనె మార్గములను మూయును. కావున ఊపిరి అనగా ఒత్తిడి తగ్గించుట మాత్రమే కాదు; లోపలి చెడు వాయువును తీసి మంచి గాలిని పంపుట. ఒక ద్వారము చాలదు. వచ్చుటకు ఒకటి, పోవుటకు ఒకటి, రెండు ద్వారములు కావలెను.

పాత పద్ధతి, క్రొత్త పద్ధతి

పూర్వపు కార్లలో ఈ పని ఒక వట్టి గొట్టముతో జరిగెడిది. క్రాంక్‌కేసు నుండి ఒక పైపు క్రిందికి దిగి కారు అడుగున తెరచుకొనును. కారు పరుగెత్తునపుడు ఆ పైపు కొన ప్రక్కగా గాలి వేగముగా ప్రవహించి అచ్చట ఒత్తిడి తగ్గును. లోపలి వాయువు క్రిందికి లాగబడును. నూనె మూతలోని జాలి ద్వారా గాని, ఎయిర్ ఫిల్టరు నుండి వచ్చు పైపు ద్వారా గాని మంచి గాలి లోపలికి చేరును. ఈ పద్ధతి సులభమైనది, కాని దీనిలో ఒక లోపము కలదు. కారు ఆగియున్నపుడు గాలి ప్రవాహముండదు, లాగుడును ఉండదు. తార్నాక కూడలిలో బస్సుల నడుమ చిక్కుకొనిన పాత కారు ఊపిరి బిగబట్టుకొని నిలిచియున్నట్లే.

రెండవ లోపము మనుష్యులకు సంబంధించినది. ఆ వాయువంతయు వీధిలో కలిసెడిది. 1950లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో హాగెన్ స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, కాలని హైడ్రోకార్బనులును నత్రజని ఆక్సైడులును సూర్యరశ్మిలో కలిసి కండ్లు మండించు పొగమంచుగా మారునని నిరూపించెను. ఏ నియంత్రణయు లేని కారు విడుచు హైడ్రోకార్బనులలో సుమారు ఐదవ వంతు క్రాంక్‌కేసు నుండియే వచ్చునని తేలినది. అందుచే 1961 నమూనా కార్ల నుండి కాలిఫోర్నియాలోను, 1963 నాటికి అమెరికా అంతటను, ఆ వాయువును తిరిగి ఇంజనుకే త్రాగించు ఏర్పాటు వచ్చినది. దానిని పీసీవీ అందురు. నిజమునకు ఈ భావము అంతకు ముందటిదే. రెండవ ప్రపంచ యుద్ధములో లోతైన నీటిని దాటు ట్యాంకులకు అడుగున తెరచిన గొట్టము పనికిరాక ఇట్టి మూసిన పద్ధతిని వాడిరి. మన దేశమున వాయు కాలుష్య నివారణ చట్టము 1981లో వచ్చినది. పెట్రోలు కార్లు విడుచు కాలుష్యపు మొత్తమును బట్టి నిర్ణయించిన తొలి ప్రమాణములు 1991లో అమలైనవి.

పీసీవీ పద్ధతిలో క్రాంక్‌కేసు నుండి వచ్చు పైపును కార్బురేటరు తరువాతనుండు ఇన్‌లెట్ మ్యానిఫోల్డునకు కలుపుదురు. అచ్చట ఎల్లప్పుడును కొంత శూన్యత ఉండుటచే వాయువు లాగబడును. కారు ఆగియున్నను ఇది పనిచేయుట దీని గొప్ప. కాని నడుమ ఒక కవాటము ఉండితీరవలెను. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు శూన్యత మిక్కిలి ఎక్కువ. అప్పుడు కవాటము దారిని ఇరుకు చేయును. మధ్యమ వేగమున దారిని తెరచును. మ్యానిఫోల్డులో మంట ఎదురు తిరిగినచో వెంటనే మూసికొని క్రాంక్‌కేసు అంటుకొనకుండ కాపాడును. కొందరు ఉత్సాహవంతులు కవాటము లేకుండ పైపును సూటిగా కలుపుదురు. అది మిక్కిలి ప్రమాదకరము. నూనెయంతయు పీల్చబడును, ఇంజను నిలకడగా తిరుగదు, అగ్నిభయమును కలుగును.

ట్యాపెట్ కవరుకు దీనితో సంబంధమేమి?

ట్యాపెట్ కవరు ధూళిని ఆపు వట్టి మూతయే అని మేము భ్రమించితిమి. కవాటములు తలపైనుండు ఇంజనులో ఆ కవరు క్రిందనున్న చోటును క్రాంక్‌కేసును వేరువేరు గదులు కావు. పుష్‌రాడ్లు పోవు రంధ్రముల ద్వారాను, నూనె దిగు మార్గముల ద్వారాను రెండును కలిసియే యుండును. కనుక కవరు మీది గొట్టము ఇంజను ముక్కు వంటిది. కవాటములు ప్రక్కనుండు ప్రాచీన ఇంజనులలో ఈ అమరిక లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నేడు చూడదగిన 1912 నాటి నిజాము వారి రోల్స్ రాయిస్ కారు అట్టిదే. అంబాసిడరు, ఫియట్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి కార్లు మాత్రము తలపై కవాటములు గలవి. ఈ పాఠము వాటి యజమానులకే.

మాస్టారు గారి కారులో నిజమున జరిగినదేమనగా, ఇంజను ప్రక్కనున్న చిన్న రేకు మూత నుండి క్రిందికి దిగు పాత గొట్టము ఏండ్ల తరబడి మడ్డి పేరుకొని ఎప్పుడో మూసికొనిపోయినది. అది ఎవరికిని తెలియదు, ఎందుకనగా ఇంజను అంతవరకు ట్యాపెట్ కవరు మీది గొట్టము ద్వారానే ఎట్లో ఊపిరి పీల్చుకొనుచుండెను. ఆ మిగిలిన ఒక్క ద్వారమును మేము మూసితిమి. రింగులు ఆ పది దినములలో అరుగలేదు. అరిగినది మా తెలివి.

మార్చునపుడు పాటింపవలసిన క్రమము

ఇక అనుభవము వలనను, మిస్త్రీ వలనను నేర్చుకొనిన క్రమమును విద్యార్థులకు చెప్పుచున్నాము.

మొదటిది. పాత కవరును విప్పుటకు పూర్వమే కాగితముపై చిత్రము గీయవలెను. ఏ రంధ్రమున్నది, ఏ పైపు ఎచ్చటికి పోవుచున్నది, నూనె మూతలో జాలి యున్నదా లేదా, ఇవన్నియు గుర్తింపవలెను. గాలి లోపలికి వచ్చు దారి ఏది, బయటికి పోవు దారి ఏది అను రెండు ప్రశ్నలకు సమాధానము వచ్చువరకు స్పానరు పట్టరాదు.

రెండవది. క్రొత్త కవరును పాతదాని ప్రక్కన తలక్రిందులుగా పెట్టి పోల్చవలెను. గొట్టము ఉన్నదా, దాని వ్యాసము పాతదానికి తగ్గలేదు గదా, గొట్టము క్రింద అడ్డురేకు ఉన్నదా అని చూడవలెను. రాకర్లు ఎగురవేయు నూనె సూటిగా గొట్టములోనికి పోకుండ ఆపునది ఆ అడ్డురేకే. అది లేనిచో కార్బురేటరు నూనె త్రాగి నీలిపొగ వచ్చును. కవరు లోపలి ఎత్తు రాకర్లకు తగులకుండ చాలునా, బోల్టు రంధ్రములు సరిపోవునా అని కూడ సరిచూడవలెను.

మూడవది. క్రొత్తదానికి గొట్టము లేనిచో రెండు మార్గములున్నవి. పాత కవరునే బాగుచేసి రంగు వేసి వాడుట ఉత్తమము. లేదా క్రొత్తదానికి గొట్టమును, దాని క్రింద అడ్డురేకును అమర్పించుట. రంధ్రము చేయునపుడు కవరు ఇంజను మీద ఉండరాదు. ఒక్క లోహపు రజను లోపల పడినను బేరింగులకు ముప్పు. పని ముగిసిన తరువాత కిరోసిను తోను, వేడినీటి తోను కడిగి పూర్తిగా ఆరనీయవలెను.

నాలుగవది. నూనె మూత విషయము. పాత పద్ధతిలో మూతకు జాలియున్నచో క్రొత్త మూతకును జాలి యుండవలెను. పీసీవీ గల ఇంజనులో మాత్రము మూత ఎట్టిదో తయారుదారు చెప్పినట్లే వాడవలెను. లోపలికి గాలి వచ్చు దారి మిక్కిలి పెద్దదైనచో కొలతకు మించిన గాలి మ్యానిఫోల్డు చేరి మిశ్రమము పలుచనగును, ఇంజను తడబడును. ఆ దారి అసలే లేనిచో క్రాంక్‌కేసులో శూన్యత పెరిగి సీళ్లు లోపలికి లాగబడి ధూళి చేరును. ఎక్కువైనను, తక్కువైనను దోషమే.

ఐదవది. పాత గాస్కెట్టును అంచుల నుండి శుభ్రముగా గీకివేసి, క్రొత్త కార్కు గాస్కెట్టును పెట్టవలెను. జిగురు అతిగా పూయరాదు. మిగిలిన జిగురు తునకలై నూనె మార్గములలో పడును. బోల్టులను ఒకదాని తరువాత ఒకటిగా కొద్ది కొద్దిగా బిగింపవలెను. బలము ప్రయోగించినచో రేకు కవరు వంగును, అల్యూమినియము కవరు పగులును.

ఆరవది. పైపులు నూనెకు తట్టుకొను రబ్బరుతో చేసినవై యుండవలెను. నీటికి వాడు మామూలు పైపు నూనె తగిలి ఉబ్బి మెత్తబడి లోపలికి నొక్కుకొనిపోవును. పైనుండి చూచువారికి పైపు ఉన్నట్లే కనబడును, లోపల దారి ఉండదు.

విద్యార్థులు చేయదగిన పరీక్ష

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో అందరు ఎరిగిన యూ ఆకారపు గొట్టముతో ఇంజను ఊపిరిని కొలువవచ్చును. మెత్తని పారదర్శకపు గొట్టమును ఒక పలకపై యూ ఆకారముగా బిగించి, సగమువరకు రంగు నీటిని పోసి, ఒక కొనను డిప్‌స్టిక్కు రంధ్రమునకు గాలి చొరకుండ కలుపవలెను. రెండవ కొనను తెరచి యుంచవలెను. ఇంజను వేడెక్కిన తరువాత నెమ్మదిగా తిరుగునపుడు చూడవలెను. పీసీవీ గల ఇంజనులో నీరు ఇంజను వైపు కొద్దిగా ఎక్కును. అది లోపల స్వల్ప శూన్యత ఉన్నదనుటకు గుర్తు. పాత గొట్టపు పద్ధతిలో రెండు వైపుల మట్టము ఇంచుమించు సమానముగా ఉండును. తెరచిన కొన వైపు నీరు ఎక్కుచునే పోయినచో దారి మూసికొన్నదని కాని, రింగులు మిక్కిలి అరిగినవని కాని తెలియును. ఒక సెంటీమీటరు నీటి ఎత్తు సుమారు 98 పాస్కలుల ఒత్తిడికి సమానమని విద్యార్థులకు తెలిసినదే.

ఈ రెండు కారణములలో ఏది నిజమో ఎట్లు తేల్చవలెను? మొదట దారులన్నియు శుభ్రముచేసి మరల కొలువవలెను. ఒత్తిడి తగ్గినచో రోగము దారిలోనిదే. తగ్గనిచో ప్రతి సిలిండరు కంప్రెషనును కొలిపించి, తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచా నూనె పోసి మరల కొలువవలెను. అంకె బాగుగా పెరిగినచో రింగుల దోషము, పెరుగనిచో కవాటముల దోషము. వేల రూపాయల రీబోరింగునకు పూర్వము ఈ చిన్న పరీక్ష చేయమని అడుగుట యజమాని హక్కు.

మ్యానిఫోల్డు శూన్యతను కొలుచువారికి ఒక స్థానిక విషయము చెప్పవలెను. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. అందుచే సముద్రతీరపు అంకెలకంటె ఇచ్చట పాదరసము ఒకటి రెండు అంగుళములు తక్కువ చూపుట సహజము. అది చూచి ఇంజను చెడినదని భయపడరాదు.

ఈ పరీక్షలు చేయునపుడు షెడ్డు తలుపులు తెరచియుంచవలెను, పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకము. వదులైన చేతులు, దుపట్టాలు ఫ్యానుకు దూరముగా ఉండవలెను.

ఉపసంహారము

మాస్టారు గారి కారు ఏమైనదని పాఠకులు అడుగుదురు. మిస్త్రీ ప్రక్క గొట్టమును విప్పి, సన్నని ఇనుపకడ్డీతో పొడిచి, కిరోసినుతో కడిగెను. తారువంటి మడ్డి పిడికెడు బయటపడినది. మెరయు కవరును తీసి పెట్టెలో పెట్టి, వంగిన పాత కవరు అంచులను చెక్కపై ఉంచి సుత్తితో సరిచేసి, క్రొత్త గాస్కెట్టుతో బిగించెను. రబ్బరు పైపు తన చోటికి తిరిగి వచ్చినది. ఖర్చు గాస్కెట్టు వెల, పైపు వెల, ఆయన కూలి, అంతే. నేలపై మడుగు పోయినది. రాత్రికి ఒకటి రెండు చుక్కలు మాత్రము ఇప్పటికిని పడుచున్నవి. గాడి పద్ధతి ఇంజనుకు అది సహజమని, వయస్సు మళ్లినవారికి దగ్గు వచ్చుట వంటిదని మిస్త్రీ నవ్వుచు చెప్పెను. కారులో వాసన లేదు. పాత ఇనుముకు ఇచ్చు ప్రసక్తియు మరల రాలేదు.

పాత కవరును పారవేయకుండుట మరొక విధముగా కూడ మేలైనది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము మోటారు వాహన నియమములను సవరించి, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, మూలరూపమును కోల్పోని కార్లను, మోటారు సైకిళ్లను వింటేజి వాహనములుగా నమోదు చేయు అవకాశము కల్పించినది. 1950ల చివర ఆరంభమైన అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. ఇక క్రొత్తవి రావు. ఉన్నవాటిని ఉన్నట్లు కాపాడుకొనుటయే మన పని.

ఈ సంఘటన వలన మేము నేర్చినది రెండు విషయములు. ఒకటి, ఒక వస్తువును మార్చుటకు పూర్వము అది అచ్చట ఎందుకున్నదో తెలిసికొనవలెను. పనికిరానిదని తోచిన చిన్న గొట్టము వెనుక ఒక ఇంజనీరు ఆలోచన ఉండును. రెండవది, పట్టా లేని చేతులలో కూడ విద్య ఉండును. ఆ వృద్ధ మిస్త్రీకి పాస్కలు అనగా తెలియదు, యూ గొట్టమును ఎన్నడును చూడలేదు. ఐనను నూనె మూత మీద అరచేయి పెట్టి ఆయన చెప్పినదే మేము తరువాత నీటిమట్టముతో కొలిచి నిజమని తెలిసికొంటిమి. మేము కట్టెదుటనున్న గొట్టమును చూచి కూడ దాని పనిని అడుగలేదు. ఆయన కనబడని గొట్టము మూసికొన్నదని చేతితో తెలిసికొనెను. మన విద్యార్థులు ఆ చేతి తెలివిని గౌరవించి, దానికి పుస్తక జ్ఞానమును జోడింతురు గాక. మన కళాశాల ప్రయోగశాలలో ఒక పాత ఇంజనును తెచ్చి పెట్టి, ఈ పరీక్షలను పిల్లలు స్వయముగా చేయు ఏర్పాటు చేయుటకు కమిటీ పెద్దలు ఆలోచింతురని ఆశించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాము.